వీధి ఎవరికి కొత్త?

బొల్లారంలో ఉంటానంటే చాలామంది "రాష్ట్రపతి నిలయం దగ్గరా?" అని అడుగుతారు. అది సికింద్రాబాద్ కంటోన్మెంటు వైపున్న బొలారం. మాది పటాన్‌చెరు, జిన్నారం వైపున్న బొల్లారం. పారిశ్రామికవాడ. ఇక్కడి వీధి మీద కవిత్వం రాయడం కష్టం. కొన్ని రాత్రులు కిటికీలు మూసుకున్నా గొంతులో ఘాటు తగులుతుంది. షిఫ్టు మారే వేళ టిఫిన్ డబ్బాలు పట్టుకుని గుంపులు గుంపులుగా ఆడవాళ్ళు రోడ్డు మీదికొస్తారు. కొందరు బీహార్, ఒడిశాల నుంచి మగవాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. కొందరు నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు ఊళ్ళ నుంచి వచ్చి ఒక్క గది అద్దెకు తీసుకున్నవాళ్ళు. వీళ్ళకి వీధి కొత్త కాదు. ఏ ఉద్యమమూ వీళ్ళని వీధిలోకి రమ్మని పిలవాల్సిన అవసరం లేదు.

ఈ మాట అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈ వీధిలో ఉంటూనే నేను వీధి ప్రదర్శనల మీద సిద్ధాంత వ్యాసం రాశాను. అందులో 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఉంది. 1947 నాటి 'మా భూమి' ఉంది. బుర్రకథ చెప్పడానికి ఆడవాళ్ళు ముందుకొచ్చిన ఆ రోజుల్లో మోటూరి ఉదయం ఎదుర్కొన్న మాటలున్నాయి. 1972లో మొదలైన జననాట్యమండలి ఉంది. 1980 ప్రాంతంలో ఢిల్లీలో వరకట్న హత్యల మీద ఆడిన 'ఓం స్వాహా' కూడా ఉంది. మా ఇంటి నుంచి అదే జాతీయ రహదారి మీద డెబ్బై, ఎనభై కిలోమీటర్లు పోతే వచ్చే జహీరాబాద్ ప్రాంతంలో, ఏటా సంక్రాంతికి మొదలై నెల రోజులపాటు ఊరూరా వీధుల్లో తిరిగే పాత పంటల జాతర మాత్రం అందులో ఒక ఫుట్‌నోట్. మూడు లైన్లు. "వ్యవసాయ సంబంధమైన జానపద ఉత్సవం" అని రాసి వదిలేశాను. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. నేనే రాశాను. ఈ వ్యాసం ఆ మూడు లైన్లని వెనక్కి తీసుకోవడానికి.

చూడనివాళ్ళ కోసం ముందు ఆ జాతర గురించి కాస్త చెప్పాలి. పది పదిహేను ఎడ్లబండ్లు. వాటికి మామిడాకులు, జొన్న కంకులు, రంగుల అలంకరణ. బండ్లలో బుట్టల్లో, మట్టి పాత్రల్లో విత్తనాలు. పచ్చజొన్న, కొర్ర, సామ, సజ్జ, తైద, కంది, పెసర, ఉలవ, అనుము, శనగ, కుసుమ, అవిశె, నువ్వు. ఇంకా మేం పట్నంలో పేర్లు మర్చిపోయినవి ఎన్నో. లెక్కపెడితే ఎనభై రకాల దాకా ఉంటాయంటారు. బండ్లు ఊరి పొలిమేరకి రాగానే ఊరివాళ్ళు డప్పుతో ఎదురొస్తారు. వీధుల్లోంచి పాటలతో, కోలాటంతో ఊరి నడుమకి తీసుకుపోతారు. అక్కడ విత్తనాల బుట్టలు దించి పేరుస్తారు. ఏది ఎప్పుడు వెయ్యాలో, ఏది ఏ మట్టికి ఓర్చుకుంటుందో, ఏది బాలింతకి మంచిదో, ఏ చొప్ప పశువు ఇష్టంగా తింటుందో సంఘం ఆడవాళ్ళు చెప్తారు. ముసలి రైతుల్ని కూర్చోబెట్టి సన్మానిస్తారు. సినిమా వేస్తారు. పంటల మీద, ధరల మీద, రేషను బియ్యం మీద వాదన జరుగుతుంది. మర్నాడు బండ్లు ఇంకో ఊరికి. ఫిబ్రవరి నడిమికి మాచనూరులో జాతర ముగుస్తుంది.

ఇందులో ఊరేగింపు ఉంది, పాట ఉంది, రంగాలంకరణ ఉంది, ప్రేక్షకులతో నేరుగా మాట్లాడటం ఉంది, చివర్లో చర్చ ఉంది. వీధి నాటకానికి నేను క్లాసులో చెప్పే లక్షణాలన్నీ ఉన్నాయి. అయినా దాన్ని ప్రదర్శన అనడానికి నాకు మనసొప్పలేదు. ఎందుకు? అది 'పండుగ' కనుక. పండుగ అంటే ఎప్పటినుంచో ఉన్నది, ఎవరూ ఆలోచించి తయారుచెయ్యనిది, ఆడవాళ్ళు అలవాటుగా చేసేది. మగవాడు కంజీర పట్టుకుని కూడలిలో నిలబడితే కళ, ఆడమనిషి బుట్ట నెత్తిన పెట్టుకుని అదే కూడలిలో నిలబడితే ఆచారం. ఈ తేడాని నేనెక్కడా చదివి నేర్చుకోలేదు, కానీ రాసేటప్పుడు అది నా చేతిలోకి ఎలా వచ్చిందో చూడండి.

నిజానికి పాత పంటల జాతర పాతది కాదు. పాతవి పంటలు. జాతర ఈ శతాబ్దం మొదలవుతున్న రోజుల్లో పుట్టింది, కావాలని పుట్టించినది. దాని వెనక డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన సంస్థ అది. దాని చుట్టూ డెబ్బై అయిదు దాకా ఊళ్ళలో ఆడవాళ్ళ సంఘాలు ఏర్పడ్డాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. సంస్థ మొదలైన ఏడాదే రాష్ట్రంలో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలికి అది ఆసరా కాలేదని ఎవరనగలరు? కానీ మెట్ట భూముల మీద దాని దెబ్బ వేరు. జొన్న తినేవాళ్ళు బియ్యానికి మళ్ళితే జొన్న వేసే చేను పడావు పడుతుంది. పడావు పడ్డ చేనుకి కూలీ అక్కర్లేదు. సంఘాలు ఆ పడావు భూముల్ని కౌలుకి తీసుకునీ, ఎస్సీ కార్పొరేషన్ పథకాల ద్వారా భూమి సంపాదించుకునీ మళ్ళీ దున్నాయి. 1990ల నడుమ జొన్నతోనే తమ ఊళ్ళలో తమ రేషన్ నడిపాయి. జాతర వచ్చింది వీటన్నిటి తర్వాత. భూమి, గింజ, గింజల బ్యాంకు చేతికొచ్చాకే బండి కట్టారు. ముందు ప్రదర్శనతో చైతన్యం, ఆ తర్వాత పని అని మనం రాసుకున్న వీధి కళల చరిత్రకి ఇది తలకిందులు.

ఇంకో మూలం కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2000లో జాతీయ జీవవైవిధ్య వ్యూహం, కార్యాచరణ ప్రణాళిక తయారీ మొదలుపెట్టినప్పుడు, దక్కన్ ప్రాంతంలో ఆ పని ఈ బండ్ల యాత్రల ద్వారా కూడా జరిగింది. అంటే ఊళ్ళలో జరిగిన పాట, ఆట, వాదన ఒక ప్రభుత్వ ప్రణాళికలో భాగం. దేశమంతటి నుంచీ వచ్చిన అలాంటి ప్రణాళికల్ని కలిపి రాసిన తుది నివేదికని మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. 2005లో కల్పవృక్ష్ సంస్థ దాన్ని తనంతట తనే బయటికి తెచ్చింది. కాగితం అలా ఆగిపోయింది, బండ్లు మాత్రం ఆగలేదు. అక్షరం మీద బతికే మనలాంటివాళ్ళు ఈ సంగతి దగ్గర కాసేపు కూర్చోవాలి.

సరే, దీన్ని ఎవరు పుట్టించారు? పత్రికల్లో వచ్చే జవాబు పి.వి. సతీష్. 2023 మార్చిలో ఆయన పోయినప్పుడు వచ్చిన నివాళుల్లో ఈ జాతర ఆయన ఆలోచనే అన్నట్టు రాసినవి ఉన్నాయి. ఆయన దూరదర్శన్ నుంచి వచ్చిన మనిషి, దృశ్యానికున్న బలం తెలిసినవాడు. బండ్ల వరస, అలంకరణ, చిన్న మట్టి పాత్రల్లో రంగురంగుల గింజలు చూస్తే కెమెరా తెలిసిన కన్ను కనబడుతుంది. దాన్ని కాదనడం అబద్ధం అవుతుంది. స్వచ్ఛంద సంస్థల మీద మనకున్న అనుమానాలు కూడా పూర్తిగా తప్పు కాదు. నిధులిచ్చేవాళ్ళకి చూపించడానికి బాగుండేది, ఊళ్ళో పనికొచ్చేది ఎప్పుడూ ఒకటే కాదు.

కానీ బండి మీద ఏముందో చూద్దాం. విత్తనం. ఆ ప్రాంతంలో విత్తనాన్ని ఎన్నేది ఆడవాళ్ళు. కోతకి ముందే మంచి కంకులు ఏరి పక్కన పెట్టి, ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, మట్టీ పేడా మెత్తిన బుట్టలో మూతి మూసి దాచేది వాళ్ళే. ఆ పని ఇంటి లోపలి చీకటి మూలలో జరుగుతుంది. దానికి కూలి లేదు, పేరు లేదు. పక్కింటామె అడిగితే కొలిచి ఇచ్చి, పంట వచ్చాక కొంచెం ఎక్కువ కొలిచి తీసుకుంటారు. బండి సంగతి వేరు. బండి మగవాళ్ళది, అంగడికి పోయేది, అమ్మకానికి గింజ మోసేది. జాతర చేసిందల్లా ఈ రెండిటినీ కలపడం. ఇంటి మూలనున్న బుట్టని తెచ్చి అంగడికి పోయే బండి మీద పెట్టి, అమ్మకుండా ఊరంతా తిప్పడం. ఈ ఊహ ఎవరి బుర్రలో ముందు మెరిసిందో నాకు అంత ముఖ్యమనిపించదు. ఆ బుట్ట లేకపోతే చూపించడానికి ఏమీ లేదు.

మన స్త్రీవాద సాహిత్యంలో గడప చాలా పెద్ద ప్రతీక. 1993లో వచ్చిన 'నీలి మేఘాలు' నాటి నుంచీ వంటిల్లు, గడప, కిటికీ మన విమర్శకి తాళంచెవులు. గడప దాటడం విముక్తి, వీధిలోకి రావడం ధిక్కారం. నా సిద్ధాంత వ్యాసం మొత్తం ఈ చట్రంలోనే ఉంది. ఉదయం లాంటివాళ్ళు గడప దాటి వేదికెక్కారు, కాబట్టి వాళ్ళు నాకు కథానాయికలు. అయితే జహీరాబాద్ సంఘం ఆడవాళ్ళకి గడప ఎక్కడుంది? వాళ్ళు పుట్టినప్పటినుంచీ బయటే ఉన్నారు. చేలో, బావి దగ్గర, పటేలు దొడ్లో, రోడ్డు పనిలో. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' వచ్చాక కూడా ఈ ప్రశ్న మనలో చాలామందిని చేరలేదు. చేరినా ముందుమాటల దగ్గరే ఆగింది.

ఇంకా కష్టమైన విషయం ఒకటుంది. తెలంగాణ ఊళ్ళలో దళిత స్త్రీ వీధిలో ఆడటం కొత్త కాదు, బలవంతం. జోగినిగా ఇచ్చిన ఆడపిల్ల జాతరలో ఆడాలి, శవం ముందు ఆడాలి. ఊరు చూసి ఆనందించాలి, ఆ తర్వాత ఆమె ఊరందరిదీ కావాలి. 1988లో చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఆచారం మర్నాడే పోలేదు. శ్యామల కథల్లో ఒక తండ్రి ఊరి పెద్దలకి తల వంచక కూతుర్ని ఆ గతి నుంచి తప్పిస్తాడు. ఆ కథ చదివినప్పుడు ఆ తండ్రి భయం నాకు నిద్ర పట్టనివ్వలేదు. చిందు ఎల్లమ్మ లాంటి గొప్ప కళాకారిణి జీవితమంతా ఊరి నడుమ ఆడింది. ఆమెకి చప్పట్లు కొట్టిన ఊళ్ళోనే కులం ఎక్కడిదక్కడ ఉంది. డప్పు సంగతీ అంతే. చావుకీ దండోరాకీ కొట్టక తప్పని వెట్టి అది.

అందుకని ఈ జాతర పుట్టుకని 'స్త్రీలు వీధిలోకి వచ్చారు' అని రాస్తే తప్పు. వాళ్ళు వీధిలోనే ఉన్నారు. ఏ హోదాలో ఉన్నారనేది మారింది. ఊరు ఆడమంటే ఆడినవాళ్ళు, ఊరికి విత్తనం గురించి చెప్పే రైతులుగా అదే కూడలిలో నిలబడ్డారు. డప్పు ఈసారి వాళ్ళకి ఎదురొచ్చింది. ఊరి పెద్దలు కింద నిలబడి బుట్టలో చెయ్యి పెట్టి, ఇది మా తాత వేసేవాడు, మీ దగ్గరెట్ల మిగిలింది అని అడిగారు. నేను పోయినసారి చూసినప్పుడు ఒక పెద్దాయన అచ్చం అలాగే అడిగాడు. బండి పక్కనున్నామె జవాబు చెప్పలేదు. గుప్పెడు తీసి ఆయన తువ్వాల్లో పోసింది.

ఇక్కడ నాకున్న ఒక పేచీ కూడా చెప్పాలి. జాతర గురించిన రాతల్లో, ఉపన్యాసాల్లో, కొన్నిసార్లు జాతరలోనే, స్త్రీ అంటే విత్తనం, విత్తనం అంటే తల్లి, తల్లి అంటే భూమి అనే గొలుసు వినబడుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఆ గొలుసు మన కాళ్ళకి ఎన్నిసార్లు పడిందో మనకి తెలుసు. విత్తనం దాచడం వాళ్ళ మాతృత్వంలోంచి రాలేదు. ఆకలి సంవత్సరాల లెక్కలోంచి, ఏ గింజ ఎంత కాలం నిలుస్తుందన్న పరిశీలనలోంచి వచ్చింది. అది జ్ఞానం. దాన్ని స్వభావం అనేస్తే మళ్ళీ వాళ్ళ శ్రమకి పేరు లేకుండా పోతుంది. బంజరులో మంచుకే పండే వాటిని వాళ్ళు 'సత్యం పంటలు' అంటారు. ఆ పేరులో కవిత్వం ఉంది, నిజమే. అంతకంటే ముందు నల్లరేగడి నేల చలికాలంలో తేమని ఎలా పట్టుకుంటుందో తెలిసిన తెలివి ఉంది.

ఆ జ్ఞానం విలువ తెలియడానికి పటాన్‌చెరులోనే ఒక పోలిక ఉంది. 1972లో అక్కడ ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ లాంటి మెట్ట పంటల విత్తనాలు లక్షా ఇరవై వేల నమూనాలకి పైగా అక్కడి జన్యు బ్యాంకు చల్లటి గదుల్లో ఉన్నాయి. ఆ పని చిన్నదని నేననను. ఒక రకం ప్రపంచంలోంచే పోకుండా కాపాడటం మాటలు కాదు. కానీ ఆ గదిలో గింజకి ఒక నంబరు ఉంటుంది. జాతరలో గింజ వెంట దాన్ని ఎవరు దాచారో, ఎవరింటి నుంచి తెచ్చారో, ఏ కరువులో అది ఆదుకుందో వస్తాయి. గింజ గదిలో నిద్రపోతుంది, బండి మీద ఎండా గాలీ తగిలి వెంటనే చేలోకి పోతుంది. అదే రహదారి పక్కన, ఒకే రకం పంటల మీద ఇలాంటి రెండు పనులు జరుగుతుంటే సాహిత్య పరిశోధకురాలినైన నేను రెండిట్లో దేన్నీ నా విషయం అనుకోలేదు.

మళ్ళీ కెమెరా దగ్గరికి వస్తాను. ఈ సంఘాల ఆడవాళ్ళలో కొందరు కెమెరా పట్టడం నేర్చుకుని 2001లో తమ కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. 2008లో మాచనూరు నుంచి సంఘం రేడియో మొదలైంది. చదువు రాని ఆడవాళ్ళు సినిమాలు తీశారని వార్తలు ఆశ్చర్యపోయాయి. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. పైనుంచి కిందికి చూసే షాట్‌కీ, కింది నుంచి పైకి చూసే షాట్‌కీ వాళ్ళు పటేలుకీ జీతగాడికీ మధ్యనున్న సంబంధాన్ని బట్టి పేర్లు పెట్టుకున్నారు. కంటికి కన్ను సమంగా ఉంటే దాన్ని 'సంఘం షాట్' అన్నారు. సంఘంలో అందరూ నేల మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. చూపులోని అధికారం గురించి మనం విదేశీ సిద్ధాంతకర్తల్ని పేరాలు పేరాలుగా ఉదహరిస్తాం. ఇక్కడ ఒక్క మాటలో మొత్తం సిద్ధాంతం ఉంది. జాతర దృశ్యం మొదట ఎవరి కంటితో కూర్చినదైనా, దాన్ని తీసి చూపించే కన్ను తర్వాత వాళ్ళదే అయింది. పుట్టుక అంటే ఒక్క రోజు కాదు కదా. ఎవరో పెట్టిన పేరుని బిడ్డ తనదిగా పలకడం మొదలుపెట్టిన రోజు కూడా అందులో ఉంటుంది.

ఇదంతా రాస్తూ బొల్లారాన్ని తప్పించుకోలేను. పారిశ్రామికవాడల్లో వీధి కళ అనగానే మనకి సఫ్దర్ హష్మీ గుర్తొస్తాడు. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో, ఝండాపూర్ కార్మికవాడలో 'హల్లా బోల్' ఆడుతుండగా దాడి జరిగింది. రామ్ బహదూర్ అనే కార్మికుడు చనిపోయాడు. మర్నాడు సఫ్దర్ చనిపోయాడు. జనవరి 4న మొలొయశ్రీ హష్మీ జన నాట్య మంచ్ సభ్యులతో అదే చోటికి వెళ్ళి ఆగిపోయిన నాటకం పూర్తి చేసింది. సఫ్దర్ పుట్టిన ఏప్రిల్ 12ని వీధి నాటక దినంగా జరుపుకుంటాం. జనవరి 4 ఏ క్యాలెండర్‌లోనూ లేదు. ఉండాలని నా కోరిక.

మా వాడలో అంత గొంతు లేదు. ఇక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. నక్కవాగు పొడుగునా చేలు పోయాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించారు. ఇన్ని కాగితాలున్న మా ఊరికి ఒక బండి లేదు, బండి మీద పెట్టడానికి తమది అనుకోగల వస్తువూ లేదు. ఫ్యాక్టరీలో మాత్రలు డబ్బాల్లో పెట్టే ఆడమనిషి వాటిని తనవని వీధిలో ఎలా చూపిస్తుంది? జాతరని ఇక్కడికి తెచ్చి నకలు చేద్దామని ఒకరిద్దరు మిత్రులు అన్నారు. నాకు మనసు రాలేదు. ముందు సంఘం, భూమి, బుట్ట ఉంటేగదా.

మా పక్కగదిలో నారాయణఖేడ్ వైపు ఆమె ఉంటుంది. ప్యాకింగ్‌లో పని. జాతర నుంచి నేను తెచ్చుకున్న అనుములు చూసి, "ఏడ దొర్కినయక్కా ఇవి? మా అమ్మ గివే పెడ్తుండె" అని చేతిలోకి తీసుకుంది. సగం పంచుకున్నాం. రంగు డబ్బాలో మట్టి పోసి గుమ్మం బయట, అంటే వీధిలోనే, నాలుగు గింజలు పెట్టింది. తీగ కరెంటు స్తంభం దాకా పోయింది. ఈ నీళ్ళతో కాసిన కాయ తినొచ్చో లేదో మాకిద్దరికీ తెలీదు. విత్తనానికి ఉంచింది.

నా సిద్ధాంత వ్యాసం ఇప్పుడు పుస్తకంగా వస్తోంది. ఆ ఫుట్‌నోట్ తీసేసి అధ్యాయం రాస్తున్నాను. విషయసూచికలో దాన్ని నాటకం కింద పెట్టాలా, జానపదం కింద పెట్టాలా అని ప్రచురణకర్త రెండుసార్లు ఫోన్ చేశారు. ఇంకా జవాబు చెప్పలేదు.